కాకినాడ కాలేజీలో బ్రిటన్ సైంటిస్ట్ అస్థిపంజరం.. మలేరియా గుట్టు ముందే పసిగట్టిన హాల్డేన్ కథ ఇదీ

అది 1964 డిసెంబర్. కాకినాడలోని రంగరాయ మెడికల్ కాలేజీకి ఒక మృతదేహం చేరింది. భువనేశ్వర్ నుంచి తీసుకొచ్చారు. దహనం చేయడానికో, పూడ్చిపెట్టడానికో కాదు. వైద్య విద్యార్థులు పరీక్షించి పాఠం నేర్చుకోవడానికి.

ఆ శరీరం ఎవరిదో తెలుసా? ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రాన్ని మలుపు తిప్పిన కొద్దిమందిలో ఒకరిది. ఆయనే జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ప్రపంచానికి తెలిసిన పేరు జేబీఎస్ హాల్డేన్.

ఇంగ్లండ్‌లో పుట్టారు. ఇండియా పౌరసత్వం తీసుకున్నారు. ఒడిశాలో కన్నుమూశారు. చివరికి ఆంధ్రాలో ఒక కాలేజీకి తన ఒంటినే రాసిచ్చారు. ఆయన అస్థిపంజరాన్ని ఆ కాలేజీలోనే భద్రపరిచారు.

ఇంతకీ ఇప్పుడు హాల్డేన్ గురించి ఎందుకు మాట్లాడుకోవాలి? ఆయన వేసిన ఒక ప్రశ్నకు ఇప్పటికీ ల్యాబుల్లో జవాబులు వస్తూనే ఉన్నాయి కాబట్టి. ఒకే ఊరు, ఒకే దోమ, ఒకే మలేరియా. ఒక పిల్లాడు రెండు రోజుల జ్వరంతో లేచి ఆడుకుంటాడు. పక్కింటి పిల్లాడు ప్రాణాలే కోల్పోతాడు. ఎందుకిలా?

చిన్నప్పటి నుంచే ప్రయోగాలు

హాల్డేన్ 1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో విషవాయువులు మనుషుల్ని ఎలా చంపుతాయో తేల్చడం ఆయన పని. ఆ పనికి కొడుకుని కూడా వెంట తీసుకెళ్లేవారు.

ఒకసారి గనిలోకి దిగాక పిల్లాడిని నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం అప్పజెప్పమన్నారట. కాసేపటికే ఊపిరి ఆడక పిల్లాడు కూలబడ్డాడు. నేల మీద పడగానే మళ్లీ తేరుకున్నాడు. ఎందుకంటే ఆ వాయువు గాలికన్నా తేలిక, పైభాగంలోనే పేరుకుంటుంది. ఆ పాఠం హాల్డేన్ జీవితాంతం మర్చిపోలేదు. సైన్స్ కోసం ఒంటిని పణంగా పెట్టడం అక్కడే అలవాటైంది.

ఇంట్లో చెల్లెలు నవోమితో కలిసి గినీ పందుల్ని పెంచేవారు. ఏ రంగు తల్లిదండ్రులకు ఏ రంగు పిల్లలు పుడుతున్నాయో లెక్కలు రాసేవారు. ఆ చెల్లెలే తర్వాత నవోమి మిచిసన్ పేరుతో పెద్ద రచయిత్రి అయ్యారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. హాల్డేన్‌కి సైన్స్‌లో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదట గణితం, తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యం చదివారు. జీవశాస్త్రం చాలావరకు ఇంట్లో నేర్చుకున్నదే, పుస్తకాల్లో చదువుకున్నదే.

యుద్ధం ఇండియాకి తీసుకొచ్చింది

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. హాల్డేన్ బ్లాక్ వాచ్ అనే స్కాటిష్ రెజిమెంట్‌లో చేరారు. ఫ్రాన్స్‌లో పోరాడారు. 1915లో ఎలుకల జన్యువులపై ఒక పరిశోధనా పత్రం వచ్చింది. అందులో హాల్డేన్, నవోమి, స్ప్రంట్ అనే స్నేహితుడు ముగ్గురి పేర్లూ ఉన్నాయి. స్ప్రంట్ అప్పటికే యుద్ధంలో చనిపోయారు.

తర్వాత ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో హాల్డేన్ గాయపడ్డారు. కోలుకోవడానికి ఆయన్ని ఇండియా పంపారు. అలా మొదటిసారి ఈ దేశాన్ని చూశారు. తెల్లవాళ్లు పాలకులుగా ఉన్నంతకాలం మాత్రం ఇక్కడికి మళ్లీ రాకూడదని అనుకున్నారు. వస్తే సమానుడిగానే రావాలన్నది ఆయన పట్టుదల.

యుద్ధం అయ్యాక కేంబ్రిడ్జ్, ఆ తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీ. డార్విన్ చెప్పిన ప్రకృతి ఎంపికకి గణితం జోడించింది ఈ దశలోనే. ఒక జన్యువు వల్ల కొంచెం లాభం ఉంటే, అది ఎన్ని తరాల్లో ఎంతమందికి పాకుతుంది? దీన్ని లెక్కగట్టి చూపించారు. 1932లో వచ్చిన ఆయన పుస్తకం ది కాజెస్ ఆఫ్ ఎవల్యూషన్ ఇప్పటికీ జీవశాస్త్ర విద్యార్థులకు తెలిసిన పేరే.

ప్రయోగాల పిచ్చి కూడా తగ్గలేదు. 1939లో బ్రిటన్ జలాంతర్గామి థెటిస్ మునిగి 99 మంది చనిపోయారు. అలాంటి చోట చిక్కుకున్న మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. హాల్డేన్ తనే ఒత్తిడి గదిలో కూర్చున్నారు. కర్ణభేరికి చిల్లు పడింది. ఎక్కువ ఆక్సిజన్ పీల్చినప్పుడు ఫిట్స్ వచ్చి వెన్నెముక దెబ్బతింది. ఆ నొప్పి చివరిదాకా వెంటాడింది.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. హాల్డేన్ కమ్యూనిస్టు. సోవియట్ రష్యాలో లైసెంకో అనే వ్యక్తి జన్యుశాస్త్రాన్నే తప్పన్నాడు. ఆ వాదనను వ్యతిరేకించిన శాస్త్రవేత్తల్ని జైళ్లలో పెట్టారు. అప్పుడు హాల్డేన్ గట్టిగా ఖండించలేకపోయారు. ఆ మచ్చ ఆయన పేరు మీద అలాగే ఉండిపోయింది. తర్వాత పార్టీకి దూరమయ్యారు.

1948.. స్టాక్‌హోమ్‌లో మలుపు

ఇక అసలు కథలోకి వద్దాం.

ఇటలీ, గ్రీస్ లాంటి మధ్యధరా దేశాల్లో తలసేమియా ఎక్కువ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఇలా రెండు లోపభూయిష్ట జన్యువులు వచ్చిన బిడ్డకు రక్తం నిలవదు. అప్పట్లో అలాంటి పిల్లలు చిన్న వయసులోనే చనిపోయేవారు. మరి ఇంతమందిని చంపే జన్యువు తరతరాలుగా ఎందుకు కనుమరుగు కావట్లేదు?

ఆ జన్యువులో కొత్త మార్పులు చాలా వేగంగా పుడుతున్నాయేమో అని కొందరు అమెరికా పరిశోధకులు భావించారు. హాల్డేన్‌కి ఆ లెక్క నచ్చలేదు. 1948లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర సదస్సులో వేరే దారి చూపించారు.

ఆయన వాదన సింపుల్. రెండు జన్యువులు వస్తే చావు. కానీ ఒక్కటే వస్తే? ఆ మనిషి మామూలుగానే బతుకుతాడు. వాళ్ల ఎర్ర రక్తకణాలు మాత్రం కాస్త చిన్నగా ఉంటాయి. మలేరియా పరాన్నజీవి పెరిగేది ఆ ఎర్రకణాల్లోనే. అంటే ఆ ఒక్క జన్యువు మలేరియా నుంచి కాపాడుతుండొచ్చు. ఒకవైపు చంపుతూ, మరోవైపు కాపాడుతూ ఉంటే ఆ జన్యువు సమాజంలో నిలిచిపోతుంది.

1949లో డిసీజ్ అండ్ ఎవల్యూషన్ అనే చిన్న పత్రంలో ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మనిషి పరిణామాన్ని నడిపించిన పెద్ద శక్తుల్లో అంటురోగాలు ఒకటి అన్నారు. పరాన్నజీవికి తరం మారడానికి గంటలో, రోజులో చాలు. మనిషికి పాతికేళ్లు కావాలి. పరుగు పందెంలో మనం గెలవలేం. మరి ఎలా బతికి బట్టకట్టాం?

హాల్డేన్ జవాబు ఒక్కటే. మనమంతా ఒకేలా లేకపోవడం వల్ల.

ఊళ్లో అన్ని ఇళ్లకూ ఒకే తాళం ఉందనుకోండి. దొంగ ఒక్క తాళంచెవి చేయించుకుంటే ఊరంతా ఖాళీ. ఇంటికో రకం తాళం ఉంటే? ఎక్కువమంది వాడే తాళానికే దొంగ చెవి చేయించుకుంటాడు. అరుదైన తాళం ఉన్న ఇల్లు మిగులుతుంది. రోగాల విషయంలోనూ అంతే. అరుదైన రకం జన్యువు ఉన్నవాళ్లు బతికిపోతారు. వాళ్ల సంతతి పెరిగాక పరాన్నజీవి వాళ్ల మీద పడుతుంది. అప్పుడు ఇంకో అరుదైన రకం గట్టెక్కుతుంది.

రుజువు ఎక్కడ దొరికింది?

ఎక్కువ కాలం ఆగాల్సిన పని రాలేదు. 1954లో ఆంథొనీ అలిసన్ అనే యువ వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో రక్తపరీక్షలు చేసి ఫలితాలు ప్రచురించారు. సికిల్ సెల్ జన్యువు ఒక్కటి ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణ ఉందని తేల్చారు. మలేరియా ఎక్కువున్న ప్రాంతాల్లోనే ఆ జన్యువూ ఎక్కువగా కనిపించింది.

ఇది మనకు దూరపు కథ కాదు. పాడేరు ఏజెన్సీలో, ఆదిలాబాద్ గోండు గూడేల్లో సికిల్ సెల్ ఇప్పటికీ కుటుంబాల్ని ఏడిపిస్తోంది. ఆ అడవులన్నీ ఒకప్పుడు మలేరియాకి పుట్టిళ్లు. తాత ముత్తాతల్ని కాపాడిన జన్యువే ఇప్పుడు మనవడి కీళ్లలో నొప్పిగా, రక్తహీనతగా మిగిలింది. 2047 నాటికి ఈ సమస్యను లేకుండా చేయాలని కేంద్రం 2023లో ఒక మిషన్ కూడా మొదలుపెట్టింది.

కాపలా కణాలు.. వాటి దగ్గరి స్కానర్లు

ఎర్రకణాల సంగతి సరే. మరి రోగనిరోధక వ్యవస్థలో కూడా ఇలాంటి తేడాలు ఉంటాయా? హాల్డేన్ బతికుండగా ఇది తేలలేదు. ఆయన పోయిన పదకొండేళ్లకు, 1975లో, ఆయన మలేరియా మాట చెప్పిన అదే స్టాక్‌హోమ్‌లో ఒక కొత్త రకం తెల్లకణాన్ని గుర్తించారు. అదే సమయంలో అమెరికాలోనూ దాన్ని కనిపెట్టారు. ముందస్తు ట్రైనింగ్ లేకుండానే చెడ్డ కణాల్ని చంపేస్తుంది కాబట్టి నేచురల్ కిల్లర్ కణం అని పేరు పెట్టారు. షార్ట్‌గా ఎన్‌కే కణం.

ఇది రక్తంలో తిరిగే సెక్యూరిటీ గార్డు లాంటిది. మన ఒంట్లో చాలా కణాల పైన హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటాయి. వాటిని ఐడీ కార్డు అనుకోండి. ఎన్‌కే కణం మీద రిసెప్టర్లు ఉంటాయి. అవి స్కానర్లు. కార్డు సరిగ్గా ఉంటే కొన్ని రిసెప్టర్లు బ్రేక్ వేస్తాయి, గార్డు ముందుకెళ్లిపోతాడు. కార్డు లేకపోయినా, తేడాగా ఉన్నా వేరే రిసెప్టర్లు యాక్సిలరేటర్ తొక్కుతాయి. ఆ కణం పని అయిపోయినట్టే.

చంపడమొక్కటే కాదు, ఎన్‌కే కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతాన్ని కూడా వదులుతాయి. దాంతో మిగతా రక్షణ కణాలు మేల్కొంటాయి. మలేరియాలోనే కాదు, కాలా అజార్ తెచ్చే లీష్మానియా, టాక్సోప్లాస్మా లాంటి పరాన్నజీవుల విషయంలోనూ ఈ తొలి హెచ్చరిక కీలకం.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఈ రిసెప్టర్లలో కిర్ అనే కుటుంబం ఉంది. వాటి జన్యువులు 19వ క్రోమోజోమ్ మీద వరసగా ఉంటాయి. కానీ ఎన్ని ఉన్నాయి, ఏవి ఉన్నాయి అనేది మనిషి మనిషికీ మారుతుంది. ఒకరికి బ్రేకులు ఎక్కువ, ఇంకొకరికి యాక్సిలరేటర్లు ఎక్కువ. ఐడీ కార్డు జన్యువులేమో ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి. రెండూ వేర్వేరుగా వారసత్వంగా వస్తాయి. అందుకే ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములకు కూడా ఈ కాంబినేషన్ ఒకేలా ఉండకపోవచ్చు.

హాల్డేన్ చెప్పిన ఇంటికో తాళం ఇదే మరి!

పరాన్నజీవి వేసిన ఎత్తు.. దానికి పైఎత్తు

మలేరియాలో ప్రాణాంతకమైన రకం ఫాల్సిపరం. అది ఎర్రకణంలోకి దూరాక, ఆ కణం పైకి రిఫిన్ అనే ప్రోటీన్లను పంపుతుంది. వీటిలో వందకు పైగా రకాలున్నాయి. ఎందుకిన్ని? 2017లో జపాన్‌లోని ఒసాకా యూనివర్సిటీ పరిశోధకులు ఒక కారణం చూపించారు. కొన్ని రిఫిన్లు రక్షణ కణాల మీదున్న ఒక బ్రేక్ రిసెప్టర్‌ను పట్టుకుని నొక్కుతున్నాయి. అంటే పరాన్నజీవి దొంగ ఐడీ కార్డు చూపించి గార్డుని ఆపేస్తోంది.

తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది. కొన్ని రిఫిన్లు ఎన్‌కే కణం మీది కిర్ బ్రేకుల్లో ఒకదాన్ని కూడా పట్టుకుంటున్నాయి. ఆ బ్రేక్ పేరు కిర్ 2డీఎల్1. అయితే దానికి ఒక కవల ఉంది, కిర్ 2డీఎస్1. బయటి రూపం దాదాపు ఒకటే. లోపల వైరింగ్ మాత్రం రివర్స్. రిఫిన్ వచ్చి దాన్ని పట్టుకుంటే బ్రేక్ పడదు, యాక్సిలరేటర్ పడుతుంది. దొంగ కార్డు చూపించినవాడే దొరికిపోతాడు.

కానీ ఈ కవల రిసెప్టర్ అందరికీ ఉండదు. కొందరికే ఉంటుంది. అందరికీ ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది. అక్కడే ప్రకృతి లెక్క వేరు. ఇవే రిసెప్టర్లు గర్భిణుల్లో మాయ ఎలా కుదురుకోవాలో కూడా ప్రభావితం చేస్తాయి. కొన్ని కాంబినేషన్లలో బీపీ పెరిగే ప్రమాదకర పరిస్థితి వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. ఒకచోట లాభం చేసేది ఇంకోచోట ఇబ్బంది పెట్టొచ్చు. అందుకే ఏ ఒక్క రకమూ మొత్తంగా గెలవదు. ఇప్పటిదాకా పరీక్షించిన మానవ సమూహాలన్నింటిలోనూ రెండు ప్రధాన కిర్ వర్గాలూ కనిపించాయి.

ఒక్క రిసెప్టర్‌తోనే మలేరియా తేలిపోతుందని కూడా అనుకోవద్దు. యాంటీబాడీలు, ఎర్రకణాల జన్యువులు, వయసు, తిండి, సమయానికి మందు అందడం, అన్నీ కలిస్తేనే పిల్లాడు బతికేది. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోవాల్సిందే, దోమతెర కట్టుకోవాల్సిందే.

దేశం మారిన శాస్త్రవేత్త

1956లో బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి ఈజిప్టు మీద సూయజ్ కాలువ కోసం దాడి చేశాయి. హాల్డేన్‌కి ఒళ్లు మండింది. 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా వచ్చేశారు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి ఆహ్వానించింది ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆ తర్వాత ఇక్కడి బట్టలు కట్టారు. మాంసం మానేశారు. 1961లో భారత పౌరుడయ్యారు.

ఖరీదైన మెషీన్లు లేవని ఆయన ఏనాడూ కూర్చోలేదు. ఒక శిష్యుడు పారిజాతం పూల రేకులు లెక్కపెట్టాడు. ఒకే చెట్టు పూలలో కూడా రేకుల సంఖ్య ఎంత మారుతోందో చూడటం పని. ఇంకొకరు కొబ్బరిచెట్ల ఆకులు కుడివైపు తిరుగుతున్నాయా, ఎడమవైపా అని గమనించారు. కళ్లు, కాగితం, ఓపిక చాలు. తేడాలో ఏముందో చూడమనేవారు.

ఆ శిష్యుల్లో మన తెలుగువాడు కూడా ఉన్నారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు ఆంధ్రాలో ఎంత ఎక్కువో తేల్చే సర్వేలో ఆయన పాలుపంచుకున్నారు. 1960లో ఆ పత్రం వచ్చింది. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఒకే లోప జన్యువు రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. తలసేమియా, సికిల్ సెల్ ఉన్నచోట ఇది ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. తర్వాత అమెరికాలో స్థిరపడిన కృష్ణారావు గురువు జీవితం మీద పుస్తకాలు రాశారు.

చివరి ప్రయోగం

కలకత్తాలో పొసగక హాల్డేన్ 1961లో ఇన్‌స్టిట్యూట్ వదిలేశారు. ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పిలిచి భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ల్యాబ్ పెట్టించారు. 1962లో అక్కడికి మారారు. కానీ టైమ్ ఎక్కువ లేదు. క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ అయింది. ఆస్పత్రి మంచం మీద కూడా ఊరుకోలేదు. లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండని నవ్వుతూ చెప్పే కవిత రాశారు. 1964లో అది అచ్చయింది. అదే ఏడాది తన సంస్మరణ ప్రసంగాన్ని తానే బీబీసీ కోసం రికార్డు చేసి పెట్టారు.

1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో హాల్డేన్ తుది శ్వాస విడిచారు. వయసు 72. అప్పటికే వీలునామా సిద్ధం. బతికున్నన్నాళ్లూ ఒంటిని ప్రయోగాలకే వాడాను, పోయాక కూడా అదే పనికి పనికిరావాలన్నది దాని సారాంశం. తనకు ఇక దానితో అవసరం లేదన్నది ఆయన లెక్క. అందుకే కాకినాడ ప్రయాణం.

గనిలో తండ్రి పక్కన ఊపిరాడక కూలబడ్డ పిల్లాడు, చివరికి రంగరాయ మెడికల్ కాలేజీ విద్యార్థులకు పాఠమయ్యాడు. అక్కడ చదువుకున్న డాక్టర్లలో కొందరు ఏజెన్సీ ఆస్పత్రుల్లో మలేరియా జ్వరాలూ, సికిల్ సెల్ నొప్పులూ చూస్తూనే ఉంటారు. ఒకే జ్వరానికి ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా ఎందుకు స్పందిస్తారో వాళ్లకు రోజూ కనబడుతుంది. ఆ ప్రశ్న 1949లో రాసిపెట్టిన మనిషి ఎముకలు వాళ్ల కాలేజీలోనే ఉన్నాయి.